చదివి వినిపించిన కాగితం

పోలీస్ స్టేషన్‌లో రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, డైరీలు రాసే హెడ్ కానిస్టేబుల్. ఈ సంగతి బయటివాళ్లకు తెలియదు. మా వియ్యంకుడు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు "ఏమేం పుస్తకాలు రాసిన్రు బావగారూ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. "దొంగల మీద మస్తు రాసిన" అన్నాను.

ఉప్పల్, నాచారం చుట్టుపక్కల స్టేషన్లలో పదిహేనేళ్లకు పైగా ఆ కుర్చీలో కూర్చున్నాను. కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడల్లా "అన్నా, నీ సర్వీసుల పెద్ద కేసేది?" అని అడుగుతారు. మర్డరో, బ్యాంకు దోపిడీయో చెప్తానని చూస్తారు. నాకు నిద్ర లేకుండా చేసింది అవేవీ కాదు. ఒక తప్పిపోయిన కుర్రాడి కేసు. అందులో ముద్దాయి అని ఏ కాగితంలోనూ ఎవరి పేరూ రాయలేదు. రాయాల్సి వస్తే నాది రాయాలి.

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో పొగరుండేది. ఒకటి నా దస్తూరి. కోర్టులో జడ్జిగారు కూడా ఒకసారి మెచ్చుకున్నారు. రెండోది, ఇల్లు విడిచిపోయిన పిల్లల్ని పట్టుకొచ్చి అమ్మానాన్నలకు అప్పగించడం. అందులో నన్ను మించినవాడు లేడని మా ఇన్‌స్పెక్టరే అనేవారు. తలకెక్కదా మరి!

ఒక పొద్దున ఒక తండ్రి వచ్చాడు. మల్లాపూర్‌లో చిన్న కార్ఖానాలో లేత్ మెషిన్ మీద పని. జనగామ దిక్కు నుంచి పెళ్లైన కొత్తలో బతకడానికి వచ్చాడట. నీలం యూనిఫాం చొక్కా మీదే వచ్చేశాడు, వేళ్ల సందుల్లో నూనె నలుపు. వెంట బామ్మర్ది. మాటలన్నీ బామ్మర్దివే. తండ్రి తల ఊపడమే.

"మా అక్క కొడుకు సార్. ఇంటర్ సెకండియర్, పదిహేడేండ్లు. నిన్న కాలేజికని పోయి రాలె. ఫోన్ బంద్ ఉన్నది" అన్నాడు బామ్మర్ది.

"ఇంట్ల ఏమన్న లొల్లైందా?" అని తండ్రిని అడిగాను.

"ఏం లేదు సారు. మంచిగ సదువుతడు. నాకెన్నడు ఎదురు మాట్లాడలె" అన్నాడు. చొక్కా జేబులోంచి కొడుకు ఫోటో తీసి నా బల్ల మీద పెట్టాడు. మంచి మనిషనిపించింది. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

మొదటిసారి ఇల్లు విడిచిన పిల్లలు దూరం పోరు. బస్సులు బయల్దేరే చోట కూర్చుని ఎక్కాలా వద్దా అని చూస్తుంటారు. ఉప్పల్‌లో వరంగల్ బస్సులు ఆగేచోట మఫ్టీలో తిరుగుతుంటే మూడో రోజు పొద్దున దొరికాడు. మెట్రో పిల్లర్ దగ్గర, కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, అప్పుడప్పుడే వస్తున్న మీసం.

"ఏ ఊరు బస్సు బిడ్డా?"

"తెల్వదు సార్."

"సార్ అంటున్నవంటే నేనెవరో తెలిసినట్టే ఉన్నది."

"మీ బూట్లు సార్" అన్నాడు.

నవ్వొచ్చింది. మఫ్టీ వేసుకున్నా బూట్లు మార్చుకోని బద్ధకం నాది. పక్కనే ఉన్న ఇడ్లీ బండి దగ్గరికి తీసుకుపోయాను. రెండు ప్లేట్లు తల ఎత్తకుండా తిన్నాడు. చాయ్ చేతిలోకి వచ్చాక మాటలు మొదలయ్యాయి.

"సార్, చెప్తే నవ్వరు గదా?"

"పోలీసోళ్లకు నవ్వు రాదురా. చెప్పు."

చాయ్ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "నాకు అమ్మాయిలంటే ఏమనిపియ్యది సార్. అబ్బాయిలంటేనే. చిన్నప్పటి సంది గంతే. నేను గే సార్." ఆ మాట నోటితో పైకి అనడం అదే మొదటిసారట. పుట్టి పెరిగిన ఇంట్లో చెప్పుకోలేనిది, ఇడ్లీ పెట్టించిన పరాయివాడికి చెప్పుకున్నాడు. కాలేజీలో ఎవడో వాడి ఫోన్ లాక్కుని, ఇంకో అబ్బాయికి పంపుకున్న మెసేజీలు చదివాడట. మీ ఇంట్లో చెప్తామని నాలుగు రోజులు ఆడుకున్నారట. తట్టుకోలేక వచ్చేశాడు.

నిజం చెప్తున్నాను, నాకు అసహ్యం కలగలేదు. అయ్యో పాపం అనిపించింది. ఆ అయ్యోలో కూడా సగం తప్పే ఉందని ఇప్పుడు తెలుసు. వాడికేదో జబ్బు చేసినట్టు జాలిపడ్డాను. ఏ జబ్బూ లేదని, కొందరు అలాగే పుడతారని, మా స్టేషన్‌కు వచ్చిన కౌన్సెలర్ అంతకుముందే ఒకసారి చెప్పింది. అప్పుడు నేను కునుకు తీస్తున్నాను.

"ఇంట్ల నేనే చెప్త సార్. ముందుగాల అమ్మకు చెప్త. అమ్మ మెల్లగ నాయనకు చెప్తది. పరీక్షలైపోని, చెప్త. మీరు మాత్రం చెప్పకుండ్రి" అన్నాడు.

"చెప్ప. పోలీసు మాట" అన్నాను. వాడి మొహం తేటపడింది. బండి మీద వెనక కూర్చున్నాక, ఇంటికి పోతున్నందుకు వాడికి సంతోషంగానే ఉందని మాటల్లో తెలిసింది. వాళ్లమ్మ ఆ రెండు రోజులూ తిన్నదో లేదో అని అడిగాడు.

స్టేషన్‌కు వచ్చాక పని మొదలైంది. దొరికిన మనిషి వాంగ్మూలం రాయాలి. ఇల్లు ఎందుకు విడిచాడో కారణం రాయాలి. ఒకప్పుడు "కారణం తెలియదు" అని రాసినందుకు ఒక ఇన్‌స్పెక్టర్ ఫైలు నా మొహాన కొట్టాడు. అందుకని వాడు చెప్పిన కారణమే రాసేశాను. "పరీక్షల భయంతో" అని రాస్తే ఎవడడిగేవాడు? సగం కేసుల్లో అదే రాస్తాం. అబద్ధాలు రాయడం మాకు చేతకాదా? ఎన్ని రాయలేదు! ఆ ఒక్కరోజే సత్యహరిశ్చంద్రుడి మనవడినైపోయాను. రాసింది కుర్రాడికి చూపించలేదు. ఆ సంగతి ఫైల్లో ఉంటుంది, ఇంట్లోవాళ్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

వాంగ్మూలం చివర ఒక మాట ఉంటుంది: "చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని సంతకం చేసినాడు." చాలామంది చదవకుండానే ఆ మాట రాసి సంతకం పెట్టించుకుంటారు. నేను నిజంగానే చదివేవాణ్ని. మైనరైతే అమ్మానాన్నలను ఎదురుగా కూర్చోబెట్టి మరీ చదివేవాణ్ని. నా రాతను నా గొంతుతో వినడం నాకొక దురద.

తండ్రి, తల్లి, బామ్మర్ది ముగ్గురూ వచ్చారు. తల్లి కొడుకును పట్టుకుని ఏడ్చింది. తండ్రి వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఏం గాలే గదరా, సాలు" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. అంతవరకే వాళ్ల సంసారం బాగుంది.

మా లేడీ కానిస్టేబుల్, రాజమండ్రి వైపు అమ్మాయి, కాగితం మీద కళ్లు పరిగెత్తించి నా పక్కకు వంగింది. "అన్నా, ఇది ఇంతమందిలో చదవకండి. అసలు ఇవాళ పంపొద్దు. మైనరు కదా, పిల్లల సంక్షేమ కమిటీ ముందు పెడదాం. కౌన్సెలర్ ఇంట్లోవాళ్లతో మాట్లాడాక పంపొచ్చు" అంది.

"నీకు నౌకరొచ్చి రెండేండ్లు కాలె. నాకు నేర్పుతున్నవా అమ్మా?" అన్నాను. ఆమె వెనక్కి జరిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"నేను పై చిరునామాలో నా తల్లిదండ్రులతో కలిసి నివసిస్తూ ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుచున్నాను..." ధారగా సాగిపోతోంది. "...నాకు ఆడపిల్లల మీద గాక మగపిల్లల మీద ఇష్టం కలుగుచున్నందున, ఆ విషయం ఇంట్లో తెలిసిన ఊరుకోరని భయపడి..."

అలవాటులో చదివేశానని, ధ్యాస లేదని అందరికీ చెప్పుకున్నాను. ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాను, ఆ కానిస్టేబుల్‌కు చెప్పాను, నా భార్యకు చెప్పాను. అబద్ధం. ఆ వాక్యం వస్తోందని రెండు లైన్ల ముందే నాకు కనబడింది. దాటేసి కింది లైన్‌కు పోవచ్చు, దగ్గొచ్చినట్టు ఆగిపోవచ్చు. ఆగలేదు. కన్నవాళ్లకు తెలియాలి కదా అనుకున్నాను. రెండు గంటల కింద ఇచ్చిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే చదివాను.

చదవడం ఆపాక ముందుగా వినబడింది బామ్మర్ది గొంతు. "హు" అని ముక్కుతో ఒక నవ్వు నవ్వి, గోడ వైపు చూశాడు. తండ్రి తల వాలిపోయింది.

"మా పోరడు గట్లాంటోడు గాదు సారూ. మీరు తప్పు రాసుకున్నరు. గది కొట్టేయుండ్రి" అంది తల్లి.

"రాసింది కొట్టెయ్యరాదమ్మా."

ఆమె కొడుకు భుజం పట్టుకుని ఊపింది. "చెప్పు బిడ్డా, సారు తప్పు రాసిండని చెప్పు. ఒక్కసారి చెప్పు."

వాడు నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఇంత పని ఎట్లా చేశావన్నట్టు చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "సార్ కరెక్టే రాసిండమ్మా" అన్నాడు. పదిహేడేళ్ల పిల్లాడికి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆ గదిలో ఉన్న మగవాళ్లలో ధైర్యమున్నవాడు వాడొక్కడే.

తండ్రి పెన్ను తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టాడు. ఆ తర్వాత మా రివాజు ప్రకారం ఫోటో. పిల్లాడు మధ్యలో, అమ్మానాన్నలు అటూ ఇటూ. తండ్రి ఒక మనిషి పట్టేంత ఎడంగా నిలబడ్డాడు. "జర దగ్గర జరుగుండ్రి" అన్నాను. జరగలేదు. ఆ ఫోటోనే మా స్టేషన్ వాట్సాప్ గ్రూపులో పెడితే పై ఆఫీసర్ బొటనవేలు గుర్తు పంపాడు. నాకు శభాష్ అన్నట్టు.

సాయంత్రం ఇంట్లో చాయ్ తాగుతూ నా భార్యకు చెప్పాను. "మన పోరడైతే గట్లనే నలుగుర్ల సదివేటోనివా?" అని అడిగింది. చాయ్ చల్లారిందని విసుక్కుని లేచిపోయాను. సిగ్గులేని పని.

నెల కూడా తిరక్కముందే స్టేషన్ ల్యాండ్‌లైన్‌కు ఫోనొచ్చింది. వాడే. గొంతు మత్తుగా ఉంది. "సార్, నన్ను ఊరికి తోల్కొచ్చిన్రు. మా మామ ఎవరో డాక్టరని ఒకాయన దగ్గర చూపిచ్చిండు. మారుస్తనని మందులిస్తున్నడు, పొద్దంత నిద్రే వస్తున్నది. కాలేజి బంద్ జేపిచ్చిన్రు. నాయన నాతోటి మాట్లాడ్తలేడు సార్. కొట్టినా మంచిగుండు. మీరొక్కసారి చెప్పుండ్రి, పోలీసోళ్ల మాట ఇంటడు."

ఆ రోజు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. బందోబస్తుకు వ్యాన్ బయట హారన్ కొడుతోంది. "మ్యాచ్ డ్యూటీ ఉన్నది బిడ్డా. అయినంక చూస్త. మీ నాయన మాట విను" అని పెట్టేశాను. మ్యాచ్ అయిపోయింది. ఎవరు గెలిచారో కూడా గుర్తులేదు. నేను చూడలేదు. ఇంటి గొడవల్లో పోలీసులు దూరకూడదు కదా! దూరి ఇంటిని రెండు ముక్కలు చేసింది నేనేనన్న సంగతి మాత్రం ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

కొత్తగా డ్యూటీలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ ఒక మాట. వాడు నన్ను అడిగింది కేసు పెట్టమని కాదు. ఊరికి పోయి ఆ దొంగ డాక్టర్ గల్లా పట్టుకోవడం మన పనే, అదీ నేను చేయలేదు. కానీ వాడడిగింది అది కూడా కాదు. తండ్రి ఒక్కసారి తన మొహం చూసి మాట్లాడితే చాలనుకున్నాడు. కాలేజీలో ఎవడేమన్నా, బస్తీలో ఎవడు నవ్వినా పడేవాడు. నాయన మొహం తిప్పుకోవడం ఒక్కటే వాడు తట్టుకోలేకపోయాడు. అది రెండు మాటల పని. ఆ పనికి నేను పోలేదు.

ఊరి నుంచి మల్లాపూర్‌కు తిరిగొచ్చాక, పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాడు వాడు మళ్లీ వెళ్లిపోయాడు. ఈసారి బస్సుల దగ్గర కూర్చోలేదు. ఫిర్యాదుకు తల్లి ఒక్కతే వచ్చింది. నా బల్ల దగ్గరికి రాకుండా నేరుగా ఆ లేడీ కానిస్టేబుల్ దగ్గరికి పోయింది. ఆ అమ్మాయే వాడి దోస్తులను పట్టుకుని, నాలుగు నెలలకు ఒక నంబరు సంపాదించింది. అప్పటికి నా రిటైర్‌మెంట్ వారాల్లో ఉంది. తండ్రిని పిలిపించి, ఆయన ముందే ఫోన్ చేసి కేసు మూసెయ్యమన్నారు ఇన్‌స్పెక్టర్. తండ్రి వచ్చి నా బల్లకు ఎదురుగా కూర్చున్నాక నంబరు కలిపాను.

"బతికే ఉన్న సార్" అన్నాడు వాడు, నా గొంతు గుర్తుపట్టి. "పని చేస్కుంటున్న. ఇష్టంతోటే పోయిన అని రాసుకోండ్రి. నేను మేజర్ గదా, ఏడున్ననో చెప్పాల్సిన పని లేదు గదా?"

"లేదు బిడ్డా."

"సార్..." అని ఆగాడు. బండ్ల చప్పుడు వినిపించింది. "నాయన ఏమన్న అన్నడా?"

ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను. "వాడే అడుగుతున్నడు. ఏమన్న చెప్తవా?" అన్నాను తండ్రితో, ఫోన్ ముందుకు చాపుతూ. ఆయన తీసుకోలేదు. అటూ ఇటూ చూశాడు. పక్క బల్ల దగ్గర ప్లాటు తగాదావాళ్లు నలుగురు, గుమ్మంలో ఇద్దరు కానిస్టేబుళ్లు, అందరూ మా వైపే చూస్తున్నారు. ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి.

"మెమోలు, సర్టిఫికెట్లు ఇంట్లనే ఉన్నయి. కావాల్నంటే పంపుతనని చెప్పుండ్రి" అన్నాడు.

అదే చెప్పాను. "వద్దులే సార్. ఉంట" అన్నాడు వాడు. కేసు మూసేశాను. ఆఖరి కాగితం కూడా మంచి దస్తూరితోనే రాశాను.

రిటైరై పీర్జాదిగూడలో ఫ్లాట్‌లోకి మారాం. ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆ తండ్రి. అడ్రసు లేడీ కానిస్టేబుల్ దగ్గర తీసుకున్నాడట. జుట్టు తెల్లబడిపోయింది. సోఫా అంచున కూర్చుని, నా భార్య ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"నా బామ్మర్ది ముంగట సదివిన్రు సార్" అన్నాడు. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. "నా ఒక్కనికే చెప్పుంటే నేనేం జేస్తుంటినో నాకు తెల్వది. గంతే జేస్తుంటినేమో. కానీ ఆడు నవ్విండు. ఆ నవ్వు జూసి నేను నా కొడుకును జూసుడు బంద్ జేసిన."

నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా ఇంటామె నాతోటి మాట్లాడది. వండి పెడ్తది, గంతే. తమ్మున్ని గడప తొక్కనిస్తలేదు. మషిన్ కాడ నిలబడితే కొడుకే యాదికొస్తడు సార్. చిన్నగున్నప్పుడు కార్ఖానకొచ్చి, నా టిఫిన్ల సగం తినిపోయెటోడు." గ్లాసు కింద పెట్టాడు. "అన్నీ ఆలోచించుకున్న. ఆడెట్లుంటే గట్లనే రానియ్యుండ్రి. ఒక్కడే రానీ, ఎవర్నన్న ఎంటబెట్టుకొని రానీ. ఇద్దరొస్తే ఇద్దరికీ బువ్వ పెడ్తం. నవ్వెటోళ్లు నవ్వుతరు. ఆనికి గీ మాట చెప్పుండ్రి సార్. మీ తాన నంబరున్నది గదా."

ఫోన్ తీసి నంబరు కలిపాను. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని చెప్పింది. మళ్లీ కలిపాను. ఆయన ముందుకు వంగి వింటున్నాడు. లేడీ కానిస్టేబుల్‌కు చేశాను. దోస్తులతో కూడా వాడు మాట్లాడడం మానేసి ఎనిమిది నెలలైందట. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో ఎవరికీ తెలియదట. ఆ చివరి మాట ఆయనకు చెప్పలేదు.

"మల్ల ఎట్ల సార్? ఆనికి ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

వాడు అడిగిననాడు నువ్వు నా ఎదురుగానే ఉన్నావు కదయ్యా, అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది కదా అని అనబోయాను. అనలేదు. ఆయన్ని ఆ రోజు అంతమంది ముందు కూర్చోబెట్టింది నేనే.